పాత డీజిల్ వ్యాన్ పంపు టైమింగ్ చెవితో పెట్టేది కాదు

సంపాదకులకు,

మీ వాహనాల పేజీలో పాత డీజిల్ వ్యాన్ల పొగ గురించి రాస్తూ, ఇంజన్‌కు డీజిల్ తోసే పంపును కాస్త ముందుకు తిప్పిస్తే పొగ తగ్గి బండి బాగా లాగుతుందని సలహా ఇచ్చారు. డీజిల్ పంపులే మా పని కాబట్టి ఈ ఉత్తరం. ఎంత తిప్పాలి, దేన్ని చూసి తిప్పాలి, తిప్పే ముందు ఏమేం చూడాలి అన్నవి చెప్పకుండా ఇచ్చిన ఆ సలహా బండి యజమానికి నష్టమే చేస్తుంది. హెడ్ గ్యాస్కెట్ పోయి, పిస్టన్ తల కాలి షెడ్లకు వచ్చే బండ్లలో ఇలా చెవితో విని పంపు తిప్పినవి తక్కువేం కాదు.

అన్ని ఇంజన్లనూ ఒక గాటన కట్టి మాట్లాడితే ఎవరికీ పనికిరాదు. మన రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న పాత టెంపో ట్రావెలర్లు, ట్రాక్స్ బండ్ల సంగతి చెబుతాం. బజాజ్ టెంపో కంపెనీ (2005 నుంచి ఫోర్స్ మోటార్స్) మెర్సిడెస్ లైసెన్సు మీద మన దేశంలోనే తయారుచేసిన ఓఎం 616 ఇంజన్ వీటిలో ఉంటుంది. నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్లు, టర్బో లేదు, ప్రీచాంబర్ (మంట మొదలయ్యే చిన్న గది) ఉన్న ఇంజన్. పక్కన లైన్ పంపు, అంటే సిలిండర్‌కొక తోపుడు కడ్డీ చొప్పున వరసగా ఉండే పంపు. పెళ్లిబృందాలకూ తిరుపతి యాత్రలకూ కూరగాయల లోడుకూ ఇప్పటికీ ఇవే దిక్కయిన ఊళ్లున్నాయి. సరిగ్గా చూసుకుంటే ఈ ఇంజన్ ఇంకా చాలా ఏళ్లు నడుస్తుంది.

ఈ ఇంజన్‌కు కంపెనీ ఇచ్చిన లెక్క: ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో, పిస్టన్ పైకొసకు (టీడీసీకి) 24 డిగ్రీల ముందు పంపు డీజిల్ తోయడం మొదలవ్వాలి. నిమిషానికి 2,400 చుట్లు తిరిగేటప్పుడు 24 డిగ్రీలంటే సెకనులో 600వ వంతు. అంతలోనే డీజిల్ పైపు దాటి, డీజిల్ చిమ్మే నాజిల్ తెరుచుకుని, ప్రీచాంబర్‌లో ఆవిరై అంటుకోవాలి. నాలుగైదు డిగ్రీలు ఆలస్యమైతే పిస్టన్ కిందికి దిగుతుండగా మంట పుడుతుంది. ఆ వేడి పని చేయకుండా సైలెన్సర్ దారి పడుతుంది. పొద్దున్నే తెల్లపొగ, ఎత్తు ఎక్కేటప్పుడు నల్లపొగ, ఇంజన్ వేడెక్కడం, డీజిల్ ఎక్కువ తాగడం అన్నీ అక్కడివే. ముందుకు జరిగితే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట ఎదురు కొడుతుంది. శబ్దం గట్టిగా, పదునుగా వస్తుంది. డ్రైవర్‌కు అది జోరుగా అనిపిస్తుంది. దెబ్బ తినేది మాత్రం గ్యాస్కెట్, రింగులు, బేరింగులు.

చెవి మోసపోవడానికి ఇంకో కారణం ఉంది. పంపు షాఫ్ట్ క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది. అంటే పంపు బాడీని ఒక డిగ్రీ కదిలిస్తే క్రాంక్ మీద రెండు డిగ్రీలు మారతాయి. ఫ్లాంజ్ అంచు దగ్గర ఒక మిల్లీమీటరు జరిగితే టైమింగ్ దాదాపు రెండు డిగ్రీలు మారినట్టే. స్పానర్ పిడితో పంపును కొంచెం తట్టి, ‘ఇప్పుడు విను’ అనే పద్ధతిలో ఆ మిల్లీమీటరును ఎవరు కొలుస్తారు?

అసలు పంపు దగ్గరకు వెళ్లకముందే చూడాల్సినవి చాలా ఉన్నాయి. నల్లపొగ అంటే డీజిల్ ఎక్కువైనా అయ్యుండాలి, గాలి తక్కువైనా అయ్యుండాలి. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. బండి లాగకపోతే రెండు డీజిల్ ఫిల్టర్లూ, ట్యాంకులో జాలీ చూడండి. తెల్లపొగ చల్లటి ఇంజన్ మీద వచ్చి, కళ్లు మండించి, వేడెక్కాక పోతే అది కాలని డీజిల్. హీటర్ ప్లగ్గుల్లో ఒకటో రెండో చచ్చి ఉండొచ్చు. వేడెక్కాక కూడా తెల్లపొగ పోకుండా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే అది హెడ్ సంగతి. నీలిపొగ ఇంజనాయిల్. ఈ రెండూ పంపు తిప్పితే పోయేవి కావు.

నాకింగ్ (ఇంజన్ లోపల కొట్టినట్టు శబ్దం) ఉంటే ఇలా పట్టుకోవచ్చు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఒక్కో నాజిల్ దగ్గర పైపు నట్టు అర చుట్టు వదులు చేసి, ఒక్కో సిలిండర్‌నూ ఆపి చూడండి. ఏదో ఒక సిలిండర్ ఆపగానే శబ్దం మాయమైతే తప్పు ఆ నాజిల్‌ది. టైమింగ్ తేడా అయితే నాలుగూ ఒకేలా కొడతాయి. ఈ పని చేసేటప్పుడు నట్టు చుట్టూ గుడ్డ కప్పండి, చెయ్యి మాత్రం అడ్డం పెట్టొద్దు. నాజిల్ లైన్లో ఒత్తిడి వంద బార్ దాటి ఉంటుంది. ఆ చిమ్ము చర్మంలోకి దూరితే పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది గానీ లోపల కండ కుళ్లిపోతుంది. అలా జరిగితే పసుపు రాసుకుని కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

నాజిళ్లను టెస్టింగ్ మిషన్ మీద పెట్టించండి. ఈ ఇంజన్‌కు కొత్త నాజిల్ 115 నుంచి 125 బార్ మధ్య తెరుచుకోవాలి. 100 కంటే తక్కువకే తెరుచుకుంటే మార్చాలి, లేదా షిమ్ వేసి సరిచేయాలి. నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. తిరిగి బిగించేటప్పుడు నాజిల్ కింది వాషర్లు కొత్తవే వేయాలి. పాతవి ఒకసారి అణిగిపోయి ఉంటాయి కాబట్టి మళ్లీ సీల్ కావు. హెడ్‌లో నాజిల్ బిగింపు 70 నుంచి 80 న్యూటన్ మీటర్లు. టాపెట్లు (వాల్వుల దగ్గర ఉంచాల్సిన సందు) చల్లటి ఇంజన్ మీద ఇన్‌టేక్ 0.10, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు. కంప్రెషన్ మంచి ఇంజన్‌లో 22 నుంచి 24 బార్ చూపిస్తుంది. 15 కంటే తగ్గినా, సిలిండర్ల మధ్య తేడా 3 బార్ దాటినా టైమింగ్ మాట పక్కనపెట్టి ఇంజన్ సంగతి చూడాలి. కంప్రెషన్ లేని ఇంజన్‌కు టైమింగ్ ముందుకు పెట్టి స్టార్టింగ్ తెప్పించడం కొన్నాళ్ల ముచ్చటే.

ఇంకొకటి, చాలామంది అసలు చూడనిది: టైమింగ్ చైన్. ఈ ఇంజన్‌లో వాల్వులు తెరిచే క్యామ్‌నూ పంపునూ తిప్పేది ఒకే చైన్. అరిగి సాగే కొద్దీ రెండూ కలిసి వెనకబడతాయి. ట్యాపెట్ కవర్ తీసి, ఇంజన్‌ను ముందుకు తిప్పుతూ క్యామ్ మీది గీతను బేరింగ్ టవర్ మీది గీతకు సరిగ్గా కలపండి. అప్పుడు కింద పుల్లీ మీద ఎంత ఉందో చదవండి. కొత్త చైన్ అయితే సున్నా దగ్గర ఉంటుంది. సున్నా దాటి నాలుగైదు డిగ్రీలు చూపిస్తే క్యామ్‌కు ఆఫ్‌సెట్ కీ (ఆ వెనకబాటును సరిచేసే మెట్టు కీ) వేయాలి. పది దగ్గరకొస్తే చైన్ మార్చాల్సిందే. పాత చైన్ లింకు తెంచి, కొత్త చైన్‌ను దానికి తగిలించి, క్రాంక్‌ను మెల్లగా తిప్పుతూ లోపలికి లాగవచ్చు. దీనికి ముందు కవర్ విప్పే పని లేదు. టెన్షనర్ కూడా అప్పుడే చూసుకోవాలి. సాగిన చైన్‌ను అలాగే ఉంచి పంపు మాత్రం ముందుకు జరిపితే డీజిల్ వేళకే వస్తుంది, వాల్వులు మాత్రం ఆలస్యంగానే తెరుచుకుంటాయి. బండి సగం బాగుపడుతుంది. యజమాని అదే చాలనుకుని వెళ్లిపోతాడు, ఆ చైన్ ఒకరోజు తెగుతుంది.

ఇవన్నీ అయ్యాక పంపు. కొలిచేది చుక్క పద్ధతిలో: క్రాంక్‌ను తిప్పుతూ, పంపు నుంచి వచ్చే డీజిల్ ధార చుక్కలై ఆగబోయే చోట డిగ్రీ చదవడం. ఇంజన్ చల్లగా ఉండాలి. న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్, చక్రాలకు అడ్డు, బ్యాటరీ నెగటివ్ తీసేయడం తప్పనిసరి. పంపు చుట్టూ డీజిల్, బ్రష్‌తో శుభ్రంగా కడగండి. పంపులో డీజిల్ తోసే కడ్డీ అయిన ప్లంజర్‌కూ, అది కదిలే గొట్టమైన బ్యారెల్‌కూ మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. ఒక ఇసుక రేణువు లోపలికి పోతే ఆ జత (ఎలిమెంట్) పని అంతే. రోడ్డు పక్కన దుమ్ములో ఈ పని పెట్టుకోవద్దని చెప్పేది అందుకే.

క్రాంక్ పుల్లీ బోల్ట్‌కు సాకెట్ వేసి, ఇంజన్ తిరిగే దిక్కులోనే తిప్పండి. ముందు నుంచి చూస్తే సవ్యదిశ. ఒకటో సిలిండర్ రెండు క్యామ్ లోబ్‌లూ పైకి చూస్తూ, పుల్లీ సున్నా దగ్గరకొస్తే అది కంప్రెషన్ టీడీసీ. ఇక్కడ పొరపాటు పడితే ఎగ్జాస్ట్ స్ట్రోక్‌లో కూర్చుని చుక్క కోసం చూస్తూ ఉండాల్సి వస్తుంది. అక్కడి నుంచి దాదాపు రెండు చుట్లు ముందుకే తిప్పి, మళ్లీ అదే టీడీసీకి 40 డిగ్రీల ముందు ఆపండి. దాటిపోతే వెనక్కి తిప్పి సర్దకండి. వెనక్కి తిప్పితే చైన్ వదులు ఇటువైపు చేరి లెక్క తప్పుతుంది. మళ్లీ రెండు చుట్లు తిప్పాలి.

పంపు మీద ముందున్నది ఒకటో లైన్. దాని పైపు పూర్తిగా తీసేయండి. డెలివరీ వాల్వ్ (పైపులోని డీజిల్ వెనక్కి రాకుండా ఆపేది) హోల్డర్ లాక్ ప్లేటు విప్పి, హోల్డర్‌ను దాని పళ్ల సాకెట్‌తోనే తీయండి. రెంచి పట్టు పడితే పళ్లు చెడతాయి. లోపలి స్ప్రింగూ డెలివరీ వాల్వూ తీసి శుభ్రమైన డీజిల్ గిన్నెలో వేయండి. వాల్వు కింది సీటు కదపొద్దు. హోల్డర్ తిరిగి పెట్టి, దాని మీద వంకర పైపు ముక్క బిగించండి. పైపు మూతి కిందికి వంగి, చుక్క పడేది కళ్లెదురుగా కనబడాలి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: పంపు ర్యాక్ (డీజిల్ ఎంత వెళ్లాలో మార్చే కడ్డీ) ఫుల్ డీజిల్ స్థానంలో ఉండాలి. స్టాప్ కేబుల్ ఉన్న బండిలో దాన్ని నడిచే స్థానానికి నెట్టండి. వాక్యూమ్‌తో ఆగే బండిలో ఆ గొట్టం ఊడదీయండి. ఆక్సిలరేటర్ లివర్‌ను చివరి దాకా లాగి తీగతో కట్టండి. ర్యాక్ స్టాప్‌లో ఉంటే ప్లంజర్ గాడి పోర్టుకు (డీజిల్ లోపలికి వచ్చే రంధ్రానికి) ఎదురుగానే ఉండిపోతుంది, ధార ఎప్పటికీ ఆగదు. అది చూసి పంపు అరిగిపోయిందని విప్పేసినవాళ్లున్నారు.

ఇప్పుడు ఒకరు హ్యాండ్ పంపు కొడుతూ ఉండాలి. కావాలంటే ఎత్తులో ఒక డీజిల్ సీసా వేలాడదీసి పంపు ఇన్‌లెట్‌కు గొట్టం ఇవ్వొచ్చు, ధార నిలకడగా ఉంటుంది. వంకర పైపులోంచి డీజిల్ ధారగా వస్తుంది. ప్లంజర్ ఇంకా కిందే ఉంది, పోర్టు తెరిచి ఉంది, డెలివరీ వాల్వు లేదు కాబట్టి డీజిల్‌కు అడ్డు లేదు. క్రాంక్‌ను వెంట్రుకవాసిగా ముందుకు జరుపుతూ పోండి. ప్లంజర్ పైకి లేచి పోర్టును మూస్తుంది. ధార సన్నబడుతుంది, దారమవుతుంది, తెగి చుక్కలవుతుంది, చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం పెరుగుతుంది. చుక్క నిలిచిపోబోయే ఆ క్షణమే పంపు నిజంగా తోయడం మొదలుపెట్టే చోటు. అక్కడ ఆపి పుల్లీ మీద డిగ్రీ చదవండి. సూదికి సూటిగా వంగి చూడాలి. పక్కనుంచి చూస్తే డిగ్రీ తేడా కంటిలోనే వస్తుంది. ఇదంతా మొత్తం మూడుసార్లు చేయండి. మూడింటికీ తేడా ఒక డిగ్రీలోపే ఉండాలి. ఎక్కువుంటే డ్రైవ్‌లో ఎక్కడో వదులుంది, పంపు తిప్పినా నిలవదు.

24 వస్తే పంపును ముట్టుకోకండి. 20 వస్తే వెనకబడినట్టు, 28 వస్తే ముందున్నట్టు. సరిచేయాలంటే మొదట క్రాంక్‌ను కచ్చితంగా 24 దగ్గర నిలపాలి. మిగతా మూడు పైపుల నట్లు పంపు దగ్గర వదులు చేయాలి. లేకపోతే పైపులు మెలికపడి, తర్వాత వైబ్రేషన్‌కు పగులుతాయి. ఆపైన పంపు ముందు ఫ్లాంజ్ నట్లు మూడూ, వెనక సపోర్టు బోల్టూ వదులు చేయాలి. పంపు పైభాగాన్ని ఇంజన్ వైపు నెడితే టైమింగ్ ముందుకొస్తుంది, ఇంజన్ నుంచి బయటికి లాగితే వెనక్కి పోతుంది. షాఫ్ట్ తిరిగే దిక్కుకు ఎదురుగా బాడీని తిప్పితే ముందుకు రావడం అన్నది ఏ పంపుకైనా వర్తించే సూత్రం. ముందు పంపును బయటికి లాగి ధార రప్పించి, అక్కడి నుంచి ఇంజన్ వైపు మెల్లగా నెడుతూ చుక్క నిలవబోయే చోట ఆపండి. నట్లు కొంచెం కొంచెంగా, ఒకదాని తర్వాత ఒకటి బిగించండి. బిగించాక క్రాంక్‌ను రెండు చుట్లు తిప్పి మళ్లీ కొలవాల్సిందే, ఎందుకంటే బిగింపులోనే పంపు కాస్త జరుగుతుంది. ఫ్లాంజ్ గాడి చివరి దాకా తిప్పినా 24 అందకపోతే పంపును పన్ను తప్పించి బిగించారన్నమాట, విప్పి మళ్లీ కూర్చోబెట్టాలి. బలవంతంగా గాడిని ఆకురాయితో పెంచొద్దు.

డెలివరీ వాల్వు వెనక్కి వేసేటప్పుడు కొత్త సీలింగ్ వాషర్ వేయండి. హోల్డర్‌ను 30 న్యూటన్ మీటర్లకు బిగించి వదులు చేయండి. మళ్లీ 30కి బిగించి వదులు చేయండి. మూడోసారి 35కి బిగించి వదిలేయండి. వాషర్ సమంగా కూర్చోవడానికే ఇదంతా. ఒకేసారి గట్టిగా బిగిస్తే బ్యారెల్ వంకరపోయి ప్లంజర్ పట్టేస్తుంది. తక్కువైతే ఆ సిలిండర్‌కు డీజిల్ సరిగా అందదు, ఐడిల్ ఊగుతుంది. లాక్ ప్లేటు మర్చిపోవద్దు. పైపు నట్లు 25 న్యూటన్ మీటర్లు చాలు. తర్వాత ఫిల్టర్ దగ్గర బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టండి. నాజిల్ వైపు నట్లు వదులుగా ఉంచి సెల్ఫ్ కొడితే పైపుల్లో ఎయిర్ పోతుంది. సెల్ఫ్ ఒక్కసారికి పదిహేను సెకన్లు మించకుండా, మధ్యలో నిమిషం ఆపి కొట్టండి. స్టార్ట్ చేసేముందు ఆక్సిలరేటర్ లివర్‌కు కట్టిన తీగ విప్పడం, స్టాప్ గొట్టం తగిలించడం మరిచిపోవద్దు. తీగ విప్పకుండా స్టార్ట్ చేస్తే ఇంజన్ ఒక్కసారిగా రేజ్ అవుతుంది.

ఇంత చేసినా స్పీడులో బండి లాగడం లేదంటే పంపు ముందున్న టైమర్‌ను చూడాలి. వేగం పెరిగే కొద్దీ లోపలి బరువులు విడివడి టైమింగ్‌ను ముందుకు జరుపుతాయి. స్ప్రింగులు నీరసించినా, బరువులు పట్టేసినా నిలబడి ఉన్న ఇంజన్ మీద 24 సరిగ్గానే కనబడుతుంది, వేగం మీద మాత్రం చాలదు. ఒకటో పైపు మీద సెన్సర్ క్లిప్పు బిగించే డీజిల్ టైమింగ్ లైటు ఉంటే ఇది తెలుస్తుంది. క్లిప్పు పెట్టేచోట పైపు పెయింటు గీకి శుభ్రం చేయాలి.

రోటరీ పంపు ఉన్న బండ్లకు ఈ చుక్క పద్ధతి వర్తించదు. వాటిలో బాష్ వీఈ రకానికి పంపు వెనక మధ్య ప్లగ్ తీసి డయల్ గేజ్ బిగించి, ప్లంజర్ లేచినంత మిల్లీమీటర్లలో కొలవాలి. ఎన్ని మిల్లీమీటర్లు అన్నది ఒక్కో ఇంజన్‌కు ఒక్కోలా ఉంటుంది, దాని మాన్యువల్ చూడాల్సిందే. ఓఎం 616లోని 24ను తీసుకెళ్లి ఇంకో ఇంజన్‌కు పెట్టొద్దు.

ఇక పొగ పరీక్ష సంగతి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తప్పదు. బీఎస్ 4 కాలుష్య ప్రమాణానికి ముందు డీజిల్ బండికి పొగ హద్దు 65 హెచ్‌ఎస్‌యూ (పొగ చిక్కదనం కొలిచే హార్ట్‌రిడ్జ్ యూనిట్లు). ఆ అంకె దాటకుండా ఉండటానికి పంపు మీది ఫుల్‌లోడ్ స్క్రూ సీలు తెంచి డీజిల్ తగ్గించడం, పరీక్ష అయ్యాక మళ్లీ పెంచడం కొన్నిచోట్ల మామూలైపోయింది. ఆ స్క్రూ నాలుగు ప్లంజర్ల డీజిల్‌ను కలిపి మారుస్తుంది. దాన్ని టెస్ట్ బెంచ్ మీదే, గ్లాసుల్లో డీజిల్ కొలుస్తూ పెట్టాలి. రోడ్డు మీద రెండుసార్లు తిప్పాక అది మొదట ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. ఆపైన ఘాట్‌లో లోడుతో ఎక్కే ఇంజన్ ఎక్కువ డీజిల్ తాగి పిస్టన్లు కాల్చుకుంటుంది. నాజిళ్లు, ఎయిర్ ఫిల్టర్, టాపెట్లు, టైమింగ్ సరిగా ఉన్న ఇంజన్‌కు ఆ స్క్రూ జోలికి పోకుండానే పరీక్ష పాసవడం కష్టం కాదు. ఇలాగే డీజిల్‌లో కిరోసిన్ కలిపేవాళ్లకూ ఒక మాట: కిరోసిన్ పల్చన, జారుడు తక్కువ. లైన్ పంపులో ప్లంజర్‌కూ డెలివరీ వాల్వుకూ డీజిలే నూనె. మిగిలిన డబ్బు పంపు ఓవర్‌హాల్‌కే పోతుంది.

మెకానిక్ పని అయిపోయిందంటే బండి యజమాని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. తిప్పకముందు ఎంత వచ్చింది, తిప్పాక ఎంత వచ్చింది, చైన్ ఎన్ని డిగ్రీలు సాగింది, నాజిళ్లు ఎంత బార్‌కు తెరుచుకున్నాయి. ఈ నాలుగు అంకెలూ బిల్లు మీద రాయించుకోండి. పని కొలిచి చేసినవాడు రాయడానికి వెనకాడడు. ఐటీఐలో మెకానిక్ డీజిల్ చదివే కుర్రాళ్లకు ఈ చుక్క పద్ధతి నేర్పుతారు, షెడ్డులోకి వచ్చాక చెవి పద్ధతికి అలవాటు పడుతున్నారు. వంకర పైపు ముక్క, రెండు వాషర్లు, ఇద్దరు మనుషులు, ఒక పూట సమయం ఉంటే చాలే పనికి అలా కావడం మాకు బాధగా ఉంది.

వాహనాల పేజీలో ఈసారి పంపు గురించి రాసినప్పుడు, దయచేసి ఏ ఇంజన్, ఏ పంపు, ఎన్ని డిగ్రీలు అన్నది కూడా వేయండి. ఈ ఉత్తరంలోని కొలతలు టర్బో లేని ఓఎం 616కు మాత్రమే అన్న మాటను కూడా కత్తిరించకుండా ప్రచురించగలరు.

ఇట్లు,
డీజిల్ పంపు, నాజిల్ పనివారు,
ఆటోనగర్, విజయవాడ